సిడ్నీ హార్బర్ షికార్లు: ఐదేళ్ళలోపు పిల్లలకా, మనకా?

వెస్ట్‌మీడ్ అమ్మ

మా ఇంట్లో మూడు వారాలుగా నడుస్తున్న గొడవ ఇది. తీర్పు మీరే చెప్పండి. బాబుకి నాలుగేళ్ళు, పాపకి పదిహేను నెలలు. ఆదివారం వచ్చిందంటే మావారు "సిడ్నీలో ఉంటూ పిల్లలకి హార్బర్ చూపించకపోతే ఎలా" అని మొదలెడతారు. ఐదేళ్ళలోపు పిల్లలకి ఒపేరా హౌస్ ఒకటే, మా వీధి చివర పార్కులో ఉయ్యాల ఒకటే అని నా వాదన. తేడా తెలిసేది మనకి, మన ఫోన్‌లో ఫోటోలకి.

మొన్న ఆదివారం సంగతి చెప్తాను. ఎనిమిదింటికే బయల్దేరాం. ట్రాక్‌వర్క్ (పట్టాల పని) అని రైలు ఆపేసి సగం దూరం బస్సులో కుక్కారు. ఫెర్రీలు బయల్దేరే సర్క్యులర్ కీ రేవులో దిగేసరికి పదకొండు. సరిగ్గా అప్పుడే పాప నిద్రపోయింది. ఒపేరా హౌస్ మెట్ల దాకా వెళ్ళాక బాబుకి పాస్ వచ్చింది. మళ్ళీ వెనక్కి నడక. తర్వాత చిప్స్ కొన్నాం. ఒక సీగల్ వచ్చి పొట్లంలోంచి లాక్కుపోయింది, వాడు ఇరవై నిమిషాలు ఏడ్చాడు. హార్బర్ అవతల ఉన్న మ్యాన్లీకి ఫెర్రీ ఎక్కాక పాప లేచింది. బయట కూర్చుంటే గాలి, లోపల కూర్చుంటే దాని ఏడుపుకి అందరూ మావైపే చూడటం. ఇల్లు చేరేసరికి ఆరున్నర.

రాత్రి పడుకోబెడుతూ "ఇవాళ ఏం చూశావు నాన్నా?" అని అడిగాను. "పక్షి చిప్స్ తినేసింది" అన్నాడు. అంతే. బ్రిడ్జి లేదు, ఒపేరా హౌస్ లేదు. ఇంత దూరం ఈడ్చుకెళ్ళడం ఎవరి కోసం?

పడవల నాన్న

అక్కా, గట్టిగా అంటున్నానని ఏమనుకోకండి. తప్పు హార్బర్‌ది కాదు, మీరు వేసుకున్న ప్లాన్‌ది. ఒక్క రోజులో ట్రైను, బస్సు, ఒపేరా హౌస్, చిప్స్, మ్యాన్లీ అంటే నాకే ఏడుపొస్తుంది.

పెద్దవాళ్ళకి ఫెర్రీ అంటే అవతలి ఒడ్డుకి చేర్చే బండి. పిల్లలకి అదే షికారు. మ్యాన్లీ వెళ్ళే ఆ ఆకుపచ్చ, పసుపు రంగుల పెద్ద పడవలున్నాయి చూశారా, 1980ల నాటివి, ఒక్కోటి 1,100 మందిని మోస్తుంది. వాటికి ముందూ వెనకా ఉండవు. రెండు చివర్లా కెప్టెన్ గది ఉంటుంది, కాబట్టి ఒడ్డున పడవ తిప్పాల్సిన పనే లేదు. మా పెద్దదానికి మూడేళ్ళప్పుడు ఈ సంగతి నేను చెప్పలేదు, అదే కనిపెట్టింది. "నాన్నా, మనం వెనక్కి వెళ్తున్నాం, బండి వెనక్కి తిరగలేదు" అంది. ఆ తర్వాత నెలరోజులు ఇంట్లో బొమ్మలన్నిటికీ రెండేసి ముఖాలు గీసింది. మీ వీధి చివర ఉయ్యాల ఆ పని చేస్తుందా?

అరగంట ప్రయాణం, అందులో హెడ్స్ (హార్బర్ ముఖద్వారం) ఎదురుగా ఓ ఐదు నిమిషాలు ఊపు. అక్కడ సముద్రం అల నేరుగా లోపలికి వచ్చి పడవకి తగులుతుంది. పిల్లలకి అదే అసలు మజా. అల మరీ ఎక్కువుంటే పెద్ద పడవలు కూడా ఆపేస్తారు, కాబట్టి వెళ్ళేముందు ఓసారి చూసుకోండి.

లెక్కలమనిషి

నేను డబ్బు సంగతి మాత్రమే మాట్లాడతాను. మూడేళ్ళ దాకా పిల్లలకి టికెట్ లేదు. నాలుగు నిండితే పిల్లల ఓపల్ కార్డు (రైలుకీ బస్సుకీ ఫెర్రీకీ వాడే కార్డు). శుక్ర, శని, ఆదివారాల్లో రోజు మొత్తం ఎంత తిరిగినా పెద్దవాళ్ళకి దాదాపు పది డాలర్ల దగ్గర ఆగిపోతుంది, పిల్లలకి అందులో సగం. కాబట్టి ప్రయాణం చవకే.

చమురు వదిలేది ఒడ్డు మీద. కాఫీ, చిప్స్, ఐస్‌క్రీం, "నాకూ అదే కావాలి" అనే బెలూను. జూకి వెళ్తే ఇద్దరు పెద్దవాళ్ళ టికెట్లకే వంద డాలర్లకి అటూ ఇటూ అవుతుంది, పాప ప్రామ్‌లో (తోపుడు బండిలో) నిద్రపోతుంది. మా ఊరి లైబ్రరీలో వారం వారం పిల్లలకి కథలు చెప్తారు, పాటలు పాడిస్తారు, పైసా లేదు. నేను వెస్ట్‌మీడ్ అమ్మ పక్షం.

నైట్ డ్యూటీ నర్స్

నాది అసలు వేరే గొడవ. సరదా, ఖర్చు సరే, ఒడ్డు సంగతి ఎవరూ ఎత్తలేదేం?

న్యూ సౌత్ వేల్స్‌లో మీ పెరట్లో స్విమ్మింగ్ పూల్ ఉంటే చుట్టూ 1.2 మీటర్ల కంచె, దానంతటదే మూసుకునే గేటు చట్టప్రకారం ఉండాలి. చిన్నపిల్లల కోసమే ఆ చట్టం. అదే పిల్లల్ని తీసుకెళ్ళి హార్బర్ ఒడ్డున ఉన్న బరంగరూ పార్కులో వదులుతాం. అక్కడ ఇసుకరాతి దిమ్మలు మెట్లు మెట్లుగా నేరుగా నీళ్ళలోకి దిగుతాయి. కంచె లేదు, గేటు లేదు. చూడటానికి ఎంత అందంగా ఉంటుందో అంత జాగ్రత్త కావాలి. నీళ్ళకి దగ్గరున్న రాళ్ళ మీద పాచి ఉంటుంది, పెద్దవాళ్ళకే కాలు జారుతుంది.

ఇంకో మాట. మునిగే పిల్ల అరవదు. సినిమాల్లోలాగా చేతులు ఊపదు, నీళ్ళు చిందించదు. చప్పుడు లేకుండా జరిగిపోతుంది, అదీ క్షణాల్లో. అందుకే "నేను చూస్తూనే ఉన్నా" అంటే సరిపోదు. ఐదేళ్ళలోపు పిల్లలు ఒడ్డు దగ్గరుంటే చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండాలి మనం.

వార్ఫ్ (పడవ ఆగే రేవు) దగ్గర ప్రామ్ సంగతి కూడా. ఇక్కడ ఆటుపోట్లకి నీళ్ళు రెండు మీటర్ల దాకా ఎక్కి దిగుతాయి. పోటు మీద ఉన్నప్పుడు పడవలోకి వెళ్ళే చిన్న వంతెన దాదాపు సమానంగా ఉంటుంది. అదే వంతెన ఆటు వేళ కిందికి జారుడుబల్లలా ఉంటుంది. చక్రాల బండి దానంతటదే పరిగెడుతుంది. ప్రామ్ హ్యాండిల్‌కి ఉండే పట్టీ మణికట్టుకి వేసుకోండి. ఆగిన ప్రతిసారీ బ్రేక్. మా ఆయన నన్ను "బ్రేక్ ఇన్‌స్పెక్టర్" అంటాడు, అననివ్వండి.

పడవల నాన్న

నర్స్ అక్కా, మీరు చెప్పింది తప్పని అనను. కానీ ఆ లెక్కన రోడ్డు పక్కన కూడా పిల్లల్ని నడిపించకూడదు.

నైట్ డ్యూటీ నర్స్

రోడ్డు మీద మనమెవ్వరం చెయ్యి వదలం తమ్ముడూ. ఒడ్డు మీద వదులుతున్నాం, ఫోటో కోసం. "అక్కడ నిలబడు, ఇంకొంచెం వెనక్కి, నవ్వు." వెనక్కి అంటే ఎటు?

విజిటర్ వీసా అమ్మమ్మ

అందరికీ నమస్కారం. నేను టైపు చెయ్యలేను, ఫోన్‌లో మాట్లాడితే అదే రాస్తోంది, తప్పులుంటే మన్నించండి.

ఇక్కడికి వచ్చి నాలుగు నెలలైంది. మా అబ్బాయి, కోడలు ప్రతి వారం ఎక్కడికో ఒకచోటికి తిప్పుతున్నారు, సంతోషమే. కానీ తల్లీ, వీళ్ళు ఒకచోట కూర్చోరు. ఫలానాది చూశామా, అయిపోయింది, పద పద. నాకు మోకాళ్ళ నొప్పి, మనవరాలికి చిన్న కాళ్ళు, ఇద్దరం వెనకబడతాం.

ఓసారి ఆ బరంగరూకే వెళ్ళాం. మా అబ్బాయి బోర్డు చదివి చెప్తున్నాడు. అంతకు ముందు అక్కడ కంటైనర్ల రేవు ఉండేదట, 2015లో పార్కుగా తెరిచారట, పదివేల రాతి దిమ్మలు పేర్చారట, బరంగరూ అనేది ఇక్కడి ఆదివాసీ స్త్రీ పేరట, ఒపేరా హౌస్ కట్టిన చోటుకి ఆవిడ భర్త పేరే పెట్టారట. వాడు చెప్తుంటే నేను వింటున్నాను. మనవరాలు మాత్రం పైన గడ్డి దగ్గర ఒక్క రాయి ముందు చతికిలబడింది. ఆ రాతి పగులులో చీమలు పోతున్నాయి. ఒకటి చచ్చిన ఈగని మోసుకుపోతోంది, దారిలో రెండుసార్లు జారవిడిచింది. ఈ పిల్ల దానికి ఆకు అడ్డం పెడుతుంది, అది చుట్టు తిరిగిపోతుంది, మళ్ళీ పెడుతుంది. గంట. నేను పక్కన కూర్చుని పెరుగన్నం డబ్బా తీసి ముద్ద ముద్దగా పెట్టాను. ఇంట్లో రెండు ముద్దలు తినని పిల్ల డబ్బా ఖాళీ చేసింది.

మా అబ్బాయికి మాత్రం ఆ రోజు వేస్టయినట్టే, "ఇంకా డార్లింగ్ హార్బర్ చూడలేదు" అని గొణిగాడు. చీమలు ఇంటి దగ్గర కూడా ఉంటాయి కదా అని వెస్ట్‌మీడ్ అమ్మాయి అంటుందేమో. ఉంటాయమ్మా. కానీ ఇంటి దగ్గర నేను వంటింట్లో ఉంటాను, వాళ్ళమ్మ కంప్యూటర్ ముందుంటుంది.

లెక్కలమనిషి

అమ్మమ్మ గారూ, పెరుగన్నం డబ్బా పాయింటు నా ఖాతాలో వేసుకుంటున్నాను. ఖర్చు సున్నా.

ముగ్గురి తండ్రి

అందరూ హార్బర్ వెళ్ళాలా వద్దా అంటున్నారు. నా అనుభవంలో గొడవ చోటుతో కాదు, వయసుల తేడాతో. నాలుగేళ్ళవాడూ పదిహేను నెలల పిల్లా ఒకే షికారుకి సరిపోరు.

మేం డార్లింగ్ హార్బర్‌లో మారిటైమ్ మ్యూజియంకి వెళ్ళాం. నీళ్ళలో వ్యాంపైర్ అనే యుద్ధనౌక, ఆన్‌స్లో అనే సబ్‌మెరీన్ కట్టేసి ఉంటాయి, ఎక్కి లోపలంతా చూడొచ్చు. ఆరేళ్ళవాడికి అది స్వర్గం. కానీ సబ్‌మెరీన్‌లోకి నిచ్చెన మెట్లు, గది నుంచి గదికి గుండ్రటి కన్నంలోంచి కాలెత్తి దూరాలి. ప్రామ్ ప్రశ్నే లేదు. రెండేళ్ళదానితో నేను బయట నలభై నిమిషాలు నిలబడ్డాను. అది ఖాళీ డెక్కు కేసి చూసి "ఇంటికి" అంది. తర్వాత మా ఆవిడ బయట, నేను లోపల. వెరసి కుటుంబమంతా కలిసి ఉన్నది టికెట్ క్యూలో.

అక్కణ్ణించి కాస్త నడిస్తే డార్లింగ్ క్వార్టర్‌లో నీళ్ళ ఆటల పార్కు ఉంది, ఉచితం. అక్కడ ముగ్గురికీ సరిపోయింది. చిన్నది నీటి కాలవలో కాళ్ళు పెట్టింది, పెద్దవాళ్ళు ఆ చిన్న మడుగులకి గేట్లు మూసి తెరిచి ఆనకట్టలు కట్టారు. మార్చుకునే బట్టలు తీసుకెళ్ళకపోతే మీ పని అయిపోయినట్టే.

జూకి వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. టరోంగా కొండవాలు మీద ఉంది. ఫెర్రీ దిగేది అడుగున. అక్కణ్ణించి ప్రామ్ తోసుకుంటూ పైకి ఎక్కకండి, మేం ఎక్కాం, జిరాఫీల దాకా వచ్చేసరికి ఎవరికీ ఎవరితోనూ మాటల్లేవు. వార్ఫ్ నుంచి బస్సులో పైగేటుకి వెళ్ళి, చూసుకుంటూ కిందికి దిగండి. చివర్లో ఫెర్రీ.

నా సలహా ఒకటే. ఒక వారం ఒకళ్ళు బాబుతో వెళ్ళండి, ఇంకొకళ్ళు పాపతో ఇంట్లో.

వెస్ట్‌మీడ్ అమ్మ

మరి అది ఫ్యామిలీ ఔటింగ్ ఎలా అవుతుందండీ? వారమంతా షిఫ్టులే. ఆయన వచ్చేసరికి నేను వెళ్తాను, నేను వచ్చేసరికి ఆయన పడుకుంటారు. ఆదివారం కూడా చెరో బిడ్డనీ పంచుకుంటే ఇక నలుగురం కలిసేది ఎప్పుడు? ఏడ్చినా నలుగురం ఒకచోట ఏడుద్దామని బయల్దేరాం.

ఇంకోటి, నిజం చెప్పాలి కాబట్టి చెప్తున్నాను. నా వాదనకే దెబ్బ. మొన్న రాసిన తర్వాత, మంగళవారం సాయంత్రం వంట చేస్తుంటే హాల్లో ఒకటే చప్పుడు. వెళ్ళి చూస్తే బాబు నా చున్నీ తీసుకుని డైనింగ్ కుర్చీ కాలికి విసురుతున్నాడు. పడట్లేదు. మళ్ళీ చుట్టలు చుట్టుకుని, కాలు ముందుకేసి, మళ్ళీ విసురుతున్నాడు. ఏడో ఎనిమిదోసారికి చున్నీ కుర్చీ కాలికి పడింది. వెంటనే రెండు చుట్లు చుట్టి, బిగించి లాగి, చెయ్యి పైకెత్తి ఎవరికో సైగ చేశాడు. పాప సోఫా మీద కూర్చుని ఉంది. దాని దగ్గరకెళ్ళి "ఇప్పుడు దిగొచ్చు" అన్నాడు.

ఫెర్రీలో డెక్ మీద ఒకమ్మాయి మోకు విసిరి ఇనప గుంజకి కట్టిందే, అది. నేను చూడనేలేదు. నేనప్పుడు పాప సాక్సు వెతుకుతున్నాను. "ఏం చూశావు" అంటే వాడికి చెప్పడం రాలేదు, అంతే.

మావారికి ఇంకా చెప్పలేదు. చెప్తే వచ్చే ఆదివారం మళ్ళీ మ్యాన్లీయే.

పడవల నాన్న

హహ. కేసు కొట్టేశారు.

నైట్ డ్యూటీ నర్స్

కొట్టెయ్యలేదు. బాబు కేసు గెలిచాడు, పాప కేసు ఇంకా నడుస్తోంది.

రైడల్‌మియర్ రెగ్యులర్

వెస్ట్‌మీడ్ అంటున్నారు కదా, మరి సర్క్యులర్ కీ దాకా ఎందుకండీ? మీ పక్కనే ఉన్న పారమాటాలోనే ఫెర్రీ ఎక్కండి. మోకు కట్టడమే చూడాలంటే నది మీద వెళ్ళే పడవే నయం, వార్ఫ్ వార్ఫ్‌కీ ఆగుతుంది, ఆగినప్పుడల్లా మోకే. మ్యాన్లీ అయితే అటొకటి, ఇటొకటి.

సర్క్యులర్ కీ దాకా కూర్చుంటే గంటన్నర, పాప ఊరుకోదు. సగంలో కాబరీటాలో దిగండి, గంటలోపే వస్తుంది. పార్కు వార్ఫ్‌ని ఆనుకునే ఉంటుంది, చెట్ల నీడ ఉంది, ఆటస్థలం ఉంది. నీడ సంగతి ఎందుకంటున్నానంటే ఇక్కడి ఎండ మన ఎండలా కాదు, వేడి తెలియకపోయినా మాడ్చేస్తుంది. యూవీ (ఎండ తీవ్రత సూచిక) 3కి చేరితే టోపీ, సన్‌స్క్రీన్ ఉండాలంటారు, వేసవిలో 11 కూడా దాటుతుంది. పడవ మీద గాలికి చల్లగా ఉండి అసలు తెలియదు.

ఒకటి గుర్తుపెట్టుకోండి. నీళ్ళు బాగా తగ్గినప్పుడు పడవ పారమాటా దాకా రాదు, దాని ముందు వార్ఫ్ రైడల్‌మియర్‌లోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి పారమాటాకి బస్సు వేస్తారు. టైమ్‌టేబుల్‌తో పాటు ఆటుపోట్లు కూడా చూసుకోవాలి.

పడవల నాన్న

అది నది అండీ. హార్బర్ కాదు.

రైడల్‌మియర్ రెగ్యులర్

హార్బరే నది. పాత నదీలోయలోకి సముద్రం ఎక్కి వచ్చి నిలిస్తేనే ఈ హార్బర్ ఏర్పడింది. పారమాటా నదికి పోటు కొట్టకపోతే పడవ రైడల్‌మియర్‌లో ఎందుకు ఆగుతుంది మరి?

లెక్కలమనిషి

నాలుగేళ్ళవాడు దీని మీద ఏమంటాడో కనుక్కోండి ఎవరైనా.

నైట్ డ్యూటీ నర్స్

నీళ్ళలో ఆడించేవాళ్ళకి ఒక మాట. గట్టి వాన పడితే హార్బర్ బీచుల్లో మూడు రోజుల దాకా దిగొద్దంటారు, వీధుల మురికంతా కొట్టుకొచ్చి అక్కడే చేరుతుంది. పిల్లలు ఈదేకంటే మింగేదే ఎక్కువ. ఎండాకాలంలో దింపాలంటే బాల్మోరల్‌లోలాగా వల కట్టిన చోటే దింపండి. హార్బర్‌లో బుల్ షార్కులు తిరుగుతాయి, జనవరి, ఫిబ్రవరి నెలల్లో మరీను. ఇక నన్ను భయపెట్టే మనిషి అనుకున్నా సరే.

వెస్ట్‌మీడ్ అమ్మ

వెళ్ళొచ్చాం, నలుగురం. ఆటుపోట్లు చూసుకోమన్నారు, మావారు చూడలేదు. కాబట్టి మొదట బస్సు, రైడల్‌మియర్ దాకా. పడవ ఎక్కకుండానే బాబు మూతి ముడిచాడు. నర్స్ గారూ, ఆ వంతెన మీరన్నట్టే నిటారుగా ఉంది. ప్రామ్ వెనక్కి తిప్పి దింపాం, పట్టీ నా చేతికే.

పడవలో బాబు ఒక్కచోట కూర్చోలేదు. వార్ఫ్ వస్తోందంటే లేచి గొలుసు దాకా పరుగు, ఆయన వాడి వెనక. వాడి లెక్క ప్రకారం కాబరీటా దాకా నాలుగు మోకులు, రానూ పోనూ ఎనిమిది. ఒక వార్ఫ్‌లో విసిరిన మోకు మొదటిసారి గుంజకి పడలేదు. వాడు గట్టిగా "మళ్ళీ వెయ్యి" అన్నాడు తెలుగులో. ఆ విసిరిన ఆయనకి భాష తెలియకపోయినా సంగతి తెలిసినట్టుంది, వాడికేసి చూసి తలూపి మళ్ళీ వేశాడు.

పాపకి పడవ పట్టలేదు. వెళ్ళేటప్పుడు నా ఒళ్ళోనే గునుస్తూ కూర్చుంది. పార్కులో ఉయ్యాల ఎక్కాక నవ్వింది. మా వీధి చివరున్నలాంటి ఉయ్యాలే. అది మాత్రం రాసుకోండి.

అమ్మమ్మ గారూ, ఇంకెక్కడికీ వెళ్ళలేదు. దుప్పటి పరిచి మూడు గంటలు అక్కడే. డబ్బాలో పులిహోర తీసుకెళ్ళాను.

ఇప్పుడు మావారు "నది చూశాం సరే, హార్బర్ ఎప్పుడు" అంటున్నారు. టరోంగా అట వచ్చేవారం. పైగేటు నుంచి దిగమన్న సలహా చదివి వినిపించాను. గొడవ ఇంకా తెగలేదు.

వెస్ట్‌మీడ్ నాన్న

ఆ మావారిని నేనే. చర్చ అంతా ఇప్పుడే చదివాను, చున్నీ సంగతి కూడా.

ఒక్కటి సరిదిద్దాలి. సీగల్ లాక్కుపోయింది బాబు చేతిలో చిప్స్ కాదు, నా చేతిలోవి. నేను ఫోటో తీస్తున్నాను. ఏడ్చింది మాత్రం వాడే.